పావగడ సీమ – దామాషా
(అమృతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)



విషయాన్ని ఎన్నుకొనే స్వేచ్ఛను కార్యవర్గం వారు నాకే ఇచ్చినారు. ఆంధ్రదేశానికి వెలుపల తెలుగువారు తరతరాలుగా కాపురమున్న మెట్టసీమలలో ఒక చిన్న పట్టణాన్ని గూర్చి చెప్పదలచినాను. అది కర్ణాటకలో, తుమకూరు జిల్లాలోని పావగడ.

పటం ముందుంచుకొని చూస్తే దాని స్థితి విచిత్రంగా ఉంటుంది. తాలూకాకు మూడు వైపుల ఆంధ్రప్రదేశమే. తుమకూరు నుంచి మధుగిరి మీదుగా పావగడకు పోయే బస్సు నడుమ మడకశిర వైపు ఆంధ్ర భూమిని తొక్కి మరల కర్ణాటకలో ప్రవేశిస్తుంది. పాత మైసూరు సంస్థానానికి, మద్రాసు రాజధానికి మధ్యనున్న ఎల్లయే 1953లోను, 1956లోను దాదాపు అట్లే నిలిచిపోయింది. ఇంటిలో తెలుగు, కచేరీలోను బడిలోను కన్నడం. సంతలో బేరమాడేవారు రెండింటినీ ఒకే వాక్యంలో కలిపివేస్తారు, దానిని ఎవరూ తప్పుపట్టరు.

కోట కట్టేవేళ పాము రూపం చెక్కిన రాయి దొరికినందున ఆ కొండకు పాముకొండ అనీ, అదే పావగడ అయినదనీ చెబుతారు. పాళెగాండ్ర కోట శిథిలాలు నేటికీ కొండమీద ఉన్నవి. అదే తాలూకాలోని నిడుగల్లు పన్నెండు, పదమూడవ శతాబ్దులలో చోళులమని చెప్పుకొన్న ఒక సామంత వంశానికి స్థానం. శనైశ్చర దేవాలయానికి వచ్చే యాత్రికులలో ఎల్లకు ఇరువైపులవారూ ఉంటారు. రాజుల కథ ఇంతటితో చాలు. ఈ సీమ చరిత్రను నడిపినది నీరు.

నైరుతి మేఘాలు పడమటి కనుమలలోనే చాలవరకు బరువు దించుకొంటవి. ఈశాన్య ఋతుపవనం తూర్పుతీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి అలసిపోతుంది. ఏడాదికి అయిదువందల మిల్లీమీటర్లకు కొంచెం అటూ ఇటూ వాన, అదీ చాలవరకు సెప్టెంబరు, అక్టోబరులలో. 1876–78 నాటి ధాతు కరువులో మైసూరు సంస్థానపు జనాభాలో సుమారు అయిదవ వంతు నశించింది. ఇటువంటి నేలమీద బ్రతికిన మన పూర్వులు వాన ఎంత పడుతుందో నిర్ణయించలేరు. పడినదానిని ఎట్లు పంచుకోవాలో మాత్రం నిర్ణయించుకొన్నారు.

చెరువుకట్ట, తూము, అలుగు, ఆయకట్టు – ఈ మాటలు నేటి పిల్లలకు పాఠంలో మాత్రమే కనబడవచ్చు. తూము ఎత్తి దించి మడులకు వంతున నీరు పారించేవాడు నీరుగంటి. అతనికి జీతం పంటలో గింజలు. చెరువు సగమే నిండిన ఏడు ఈ దక్కను చెరువులు కొన్నింటి కింద ఒక కట్టుబాటు ఉండేది. ఆయకట్టంతా తడపరు. తూముకు దగ్గరనున్న కొంత భూమినే సాగుచేసి, ఆ సంవత్సరానికి అందులోనే ఆయకట్టుదారులందరికీ వారి వారి భూమినిబట్టి పాలు పెట్టేవారు. చివరి మడివాడు కూడ తూము దగ్గర కొంతచోటు పండించుకొనేవాడు. దీనికి దామాషా అని పేరు. నేడు మనం ఎన్నికల లెక్కలలోను, పత్రికలలోను వాడే దామాషా అన్న మాటకు పొలంలో ఇంత లోతైన అర్థం ఉండేది. ఇందులో లోపం లేదని నేననను. భూమి లేనివానికి ఆ లెక్కలో పాలు లేదు. అయినను కోతకు, నూర్పిడికి వచ్చినవాడు గింజలు ఇంటికి తీసుకొనిపోయేవాడు.

ఉత్తర పినాకిని, అనగా మన పెన్న, హిందూపురం దాటి నాగలమడికె వద్ద ఈ తాలూకాను తాకి మళ్లీ ఆంధ్రలోకి పోతుంది. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒడంబడికలో ఈ నది పేరు కూడ ఉన్నది. దాని ప్రకారం దిగువ ప్రభుత్వపు సమ్మతి లేక ఎగువవారు కొత్త జలాశయం కట్టరాదు. నది ఊరిప్రక్కనే ఉన్నా రైతు మబ్బుకై తల ఎత్తి చూడవలసివచ్చింది. దిగువన పేరూరు వద్ద కట్టిన జలాశయం కూడ నిండని సంవత్సరాలే ఎక్కువ. కరువు ఎల్లను గుర్తించలేదు.

తరువాత కపిల బావులు పోయి బోరుబావులు వచ్చినవి. రాగి, కొర్ర, ఉలవ వేసిన ఎర్రనేలలో వేరుశనగ పరచుకొన్నది. బోరు ఎవరిదైతే నీరు వారిదే, అక్కడ దామాషాకు తావులేదు. లోతు పెరిగినకొద్దీ నీటిలో ఫ్లోరైడు బాధ తోడైంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదన్న హద్దును మించిన నీటిని త్రాగి పండ్లు గారపట్టినవారు, కీళ్లు బిగిసినవారు ఈ సీమలో ఎందరో. తుంగభద్ర జలాశయపు వెనుకనీటిని గొట్టాలద్వారా తెచ్చే త్రాగునీటి పథకం చేపట్టినది ఇటీవలి సంవత్సరాలలోనే.

ఇక ఎండ సంగతి. ఇన్నాళ్లూ శాపమనుకొన్న ఎండకు ధర పలికింది. 2018 మార్చి 1న ప్రారంభమైన సౌరవిద్యుత్ క్షేత్రం సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల శక్తితో వెలసింది. తిరుమణి, వల్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు – అయిదు గ్రామాల భూమి అది. ఈ పేర్లను ఒకసారి నిదానంగా పలికి చూడండి. రెండింటిలో చెరువు వినబడుతుంది, ఒకదానిలో సముద్రమున్నది. సముద్రమన్నా ఈ సీమలో పెద్దచెరువే. నీటిపేరు పెట్టుకొన్న ఊళ్లలో నేడు అద్దపు పలకలు బారులు తీరి ఉన్నవి.

భూమిని కొనలేదు, కౌలుకు తీసుకొన్నారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేండ్లకొకసారి నూటికి అయిదు పెంపు. వరుస కరువులతో అప్పులపాలైన రైతుకు ఇది చిన్న విషయం కాదు. వానరాని ఏడు కూడ వచ్చే ఆదాయమని సంతోషించినవారిని నేను నిందించలేను. పది ఎకరాలవానికి పది వంతులు, రెండు ఎకరాలవానికి రెండు వంతులు. ఇంతవరకు దామాషాయే. కాని కలుపుతీసి, కాయవొలిచి బ్రతికిన కూలీకి, బీటిలో గొర్రెలు తోలుకొన్నవానికి కౌలుపత్రంలో పేరు లేదు. వారిలో కొందరికి పలకల నడుమ గడ్డికోసే పని, పలకలు కడిగే పని, కాపలా పని దొరికింది. మిగిలినవారు బెంగళూరు బస్సు ఎక్కినారు. పాత చెరువు లెక్కలో పాలు లేకున్నా గింజలు దక్కేవి. కొత్త లెక్కలో ఆ గింజల స్థానంలో ఏమి ఉంచాలో ఇంకా ఎవరూ తేల్చలేదు. కరెంటు అమ్మగా వచ్చిన దానిలో ఊరి ఉమ్మడికి కొంత భాగం కట్టుబాటుగా ఉండాలని, అది భూమిలేని ఇండ్లకు మొదట చేరాలని నా అభిప్రాయం.

కౌలు గడువు 28 సంవత్సరాలు. యంత్రాలతో చదును చేసిన ఆ నేలలో గట్లు లేవు, గనిమెలు లేవు. గడువు తీరి భూమి తిరిగి చేతికి వచ్చేనాటికి సంతకాలు చేసినవారి మనుమలు పెద్దవారై ఉంటారు. ఏ పొలం ఎక్కడ మొదలయ్యేదో సర్వే నంబర్లు చెబుతవి. ఏ వంకనీరు ఏ చెరువుకు పారేదో చెప్పగల ముసలివారు నేడు ఆ ఊళ్లలో ఇంకా కొందరు ఉన్నారు.