శ్రీశైలము - మన దిక్కు

తెలుగునాట సంకల్పము చెప్పునపుడు, తానున్నచోటు శ్రీశైలమునకు ఏ దిక్కుననున్నదో పలుకనిదే పూజ సాగదు. రాజ్యములు మాఱినను ఈ కొలత మాఱలేదు. జ్యోతిర్లింగమును శక్తిపీఠమును ఒక్కచోటనే వెలసిన కొండ యిది. ఆ మహిమను పౌరాణికులు చెప్పుచునే యున్నారు. మేము మనవి చేయఁదలఁచినది వేఱొకటి.

నల్లమల చెంచులు మల్లికార్జునుని తమ పిల్లను పెండ్లాడిన యల్లుఁడందురు. చెంచు మల్లయ్య యని పిలుతురు. వేదాంతులకు అందని దేవుఁడు అడవివారికి వరుసకు దొరకినాఁడు! భక్తుఁడు లింగమును తన చేతులతో తాఁకి సేవించుటయు నక్కడి యాచారమే. పూర్వము ఆత్మకూరునుండి నాగలూటి, పెచ్చెరువుల మీదుగా కాలినడకను పోవు యాత్రికులకు చెంచులే దారి చూపిరి, కావలి కాచిరి. నేఁడు బస్సు గుడిదాఁక పోవును. చెంచుపెంట దారిప్రక్కన కనఁబడి మఱుగగును. అల్లుఁడున్నది అత్తవారియింట. ఆ యింటివారిని పలుకరింపక, అల్లుని మాత్రము చూచి వచ్చుట యేపాటి మర్యాద?