విరిగిన రెక్క



రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే దినాల్లో కొందరు క్రైస్తవ పైలట్లు మిషనరీల కొరకు విమానాలు నడపాలని కూడుకొన్నారు. అదే నేటి మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్. వారికున్నది ఒకే విమానం, 1933 నాటి వాకో. 1946 ఫిబ్రవరి 23న బెట్టీ గ్రీన్ అనే సహోదరి బైబిలు అనువాదకులను దానిలో ఎక్కించుకొని అమెరికా నుండి మెక్సికోకు బయలుదేరింది.

ఆ సంవత్సరమే ఆమె పనిని జార్జి విగ్గిన్స్ అనే పైలట్‌కు అప్పగించవలసివచ్చింది. ఎల్ రియల్ అనే చోట, అడవి నడుమ చదును చేసిన నేలమీద అతడు దిగుతున్నాడు. తారు రోడ్డు కాదు. మన కోటగిరి చేలప్రక్కన పశువులు మేసే బీడు వంటిదనుకోండి. ప్రక్కనున్న చిన్న కట్టడానికి విమానం తగిలింది. ఎడమ చక్రం ఊడింది, ప్రొపెల్లరు, రెక్క దెబ్బతిన్నవి. మనుష్యులకు గాయాలు కాలేదు. కాని ఉన్న ఒక్క విమానమూ మూలబడింది.

మనమైతే ఏమందుము? "ఆమె బాగానే నడిపింది, క్రొత్తవాడు చెడగొట్టాడు" అందుము.

అప్పుడు నేట్ సెయింట్ అనే యువకునికి కబురు వెళ్లింది. కాలి ఎముక జబ్బు వలన సైన్యంలో పైలట్ కాలేక మెకానిక్‌గా పనిచేసినవాడు. అతడు మెక్సికో వెళ్లి ఆ రెక్కను తిరిగి కట్టాడు. కర్ర పని, గుడ్డ పని, ఎంతో ఓపిక కావాలి. 1956 జనవరి 8న ఈక్వడోరులో హతసాక్షియైన నేట్ సెయింట్ ఇతడే. ఆ మరణం అనేకులకు తెలుసు, ఈ వడ్రంగి పని ఎవరికి జ్ఞాపకం?

మత్తయి 4:21లో జెబెదయి కుమారులు వలలు బాగుచేసే మాట ఉంది. గలతీ 6:1లో తప్పులో చిక్కినవానిని సాత్వికముతో నిలబెట్టమని పౌలు వ్రాసిన మాట ఉంది. తెలుగులో వేర్వేరు మాటలు, గ్రీకులో ఒకే క్రియ. సెమినరీలో ఇది పరీక్షకు చదివాను. మార్కులు కూడా వచ్చాయి.

అయితే సిగ్గుతో చెబుతున్నాను. మా సంఘంలో ఒక తమ్ముడు, క్రొత్తగా నేర్చినవాడు, వృద్ధులను కూడికకు తెచ్చే ఆటోను చెరకుతోట ప్రక్క కాలువలోకి దింపాడు. ఎవరికీ దెబ్బ తగలలేదు. అందరి ఎదుట తాళంచెవి అడిగి తీసుకొన్నాను. ఆటో పది దినాల్లో బాగైంది. తమ్ముడు నాలుగు ఆదివారాలు వెనుక వరుసలో కూర్చొని, తరువాత రావడం మానేశాడు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. తల్లి చాయ్ ఇచ్చింది. "క్షమించు తమ్ముడూ, ఆదివారం నువ్వే నడుపు, నేను ప్రక్కన కూర్చుంటా" అని తాళంచెవి అతని ముందు పెట్టాను. వస్తాననలేదు, రాననలేదు. అతనికొరకు ప్రార్థించండి, నాకొరకును.