నవ్విస్తూ వినిపించినవాడు: ఫ్రాంక్ జాపా కచేరీ రికార్డులు, వాటి శ్రోతలు



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు మీలో చాలామందికి తెలుసు. ఆయన పాడలేదు, ఏ వాద్యమూ పట్టలేదు. జీవితమంతా విన్నారు. రికార్డు ఆగాక "ఏమనిపించింది?" అని అడిగి, ఎదుటివాడు చెప్పడం పూర్తయ్యేదాకా తన మాట ఎత్తేవారు కాదు. అలాంటి మనిషి పేరు మీద మాట్లాడేటప్పుడు శ్రోతల గురించి మాట్లాడటమే సబబనిపించింది. అందుకని ఆయన ఎంతో ఇష్టంగా ఎవరి గురించి వాదించేవారో ఆ సంగీతకారుణ్ణే ఎంచుకున్నాను. ఫ్రాంక్ జాపా.

జాపా 1940లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టాడు, 1993 డిసెంబరు 4న లాస్ ఏంజెలిస్‌లో పోయాడు. ఆ యాభై రెండేళ్ల బతుకులో అరవైకి పైగా ఆల్బములు తెచ్చాడు. రాజకీయ నాయకులు, టీవీ మతబోధకులు, హిప్పీలు, రికార్డు కంపెనీలు, ఆఖరికి టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన ప్రేక్షకులు కూడా అతని వెక్కిరింతకు దొరికినవాళ్లే. ఆ వెక్కిరింత కింద వాయించే సంగీతం మాత్రం ఎంతో కష్టమైనది. కుర్రతనంలోనే స్వరకర్త ఎడ్గార్ వరేజ్ రికార్డు విని, ఆ స్వరరచనా పద్ధతికి జీవితాంతం కట్టుబడ్డ మనిషి అతను. ఆ వెక్కిరింతా, ఈ కష్టమైన సంగీతమూ ఒకే వేదిక మీద ఎందుకుండాలన్నదే అతని శ్రోతల మధ్య తెగని తగవు. 1986లో వచ్చిన ఒక కచేరీ ఆల్బముకు అతను పెట్టిన పేరే ఒక ప్రశ్న: సంగీతంలో హాస్యానికి చోటుందా? ఉందనే నా నమ్మకం. పక్కన చోటివ్వడం కాదు, అతని విషయంలో ఆ నవ్వే శ్రోత చెవిని తెరిచింది. ఈ మాటను అతని కచేరీ రికార్డుల చరిత్రలోంచే చూపిస్తాను.

1967లో న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్‌లోని గారిక్ థియేటర్‌లో జాపా బృందం 'మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్' నెలల తరబడి రాత్రుళ్లు వాయించింది. అది చిన్న హాలు. వచ్చినవాళ్లు ఊరికే కూర్చుని వెళ్లేవాళ్లు కారు, ఆటలో పాత్రలయ్యేవాళ్లు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. జాపా తర్వాత చెప్పిన ప్రకారం, ఒక రాత్రి సైనికులు కొందరు వస్తే వేదిక మీదికి పిలిచి ఒక బొమ్మ చేతికిచ్చి, ఇది శత్రువు బిడ్డ అనుకోండి, ఏం చేస్తారో చూపించండి అన్నాడు. వాళ్లు దాన్ని ముక్కలు ముక్కలు చేశారు. నవ్వడానికి వచ్చిన జనానికి ఆ తర్వాత నవ్వెలా వస్తుంది? జాపా వ్యంగ్యం ఎక్కణ్ణించి బయల్దేరిందో తెలియాలంటే ఆ రాత్రి చాలు.

ఆ హాలుకు పదేపదే వచ్చిన వాళ్లలో ఒక యువతి ఉంది. జూలియార్డ్ సంగీత విద్యాలయంలో తాళవాద్యాలు నేర్చుకుంటున్న అమ్మాయి. తరువాత రూత్ అండర్‌వుడ్‌గా జాపా బృందంలో మరింబా, వైబ్రాఫోన్ వాయించింది. ఈ రోజు ఎవరిని కదిపినా జాపా సంగీతానికి గుర్తుగా చెప్పే ధ్వని ఆమె మరింబాదే. నిన్న కుర్చీలో కూర్చున్న శ్రోత రేపు వేదిక మీద ఉండటం జాపా కథలో మళ్లీ జరుగుతుంది. స్టీవ్ వై అనే కుర్రాడు జాపా రచనలను చెవితో విని, కాగితం మీద స్వరం స్వరంగా రాసి అతనికే పంపాడు. జాపా మొదట స్వరలేఖకుడిగా జీతమిచ్చి పెట్టుకున్నాడు, 1980లో గిటారిస్టుగా వెంట తీసుకెళ్లాడు. వినడం మీద ఇంతకన్నా గొప్ప అభిప్రాయం ఇంకెవరు రాయగలరు?

1971 జూన్‌లో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్ హాలులో రికార్డు చేసిన ఆల్బము అదే ఏడాది వచ్చింది. 'టర్టిల్స్' బృందపు గాయకులు మార్క్ వోల్మన్, హవర్డ్ కేలన్ అప్పుడు జాపాతో ఉన్నారు. రికార్డులో ఎక్కువ భాగం ఊళ్లు తిరిగే రాక్ తారలకూ వాళ్ల వెంటపడే అమ్మాయిలకూ మధ్య నడిచే నాటకం. కొందరు శ్రోతలకు అది నవ్వుల పంట. కొందరు సంగీతం ఏదని అడిగారు. ఇంకొందరు, స్త్రీలను ఇంత చవకగా చూపించడమేమిటని నిలదీశారు. ఈ మూడో మాటలో న్యాయముంది. తారల అహంకారాన్ని ఎండగడుతున్నానని జాపా చెప్పుకోవచ్చు, కానీ హాలులో ఆ నవ్వు చివరికి ఎవరి మీద పడిందో రికార్డే చెబుతుంది. అతన్ని ప్రేమించేవాళ్లం ఈ విషయంలో తప్పించుకోకూడదు.

ఆ జూన్‌లోనే ఒక రాత్రి కచేరీ చివర జాన్ లెనన్, యోకో ఓనో వేదికెక్కారు. ఆ ధ్వనిముద్రణను లెనన్ 1972లో తన ఆల్బములో తనకు తగ్గట్టు కలిపి విడుదల చేశాడు. జాపా స్వరరచన 'కింగ్ కాంగ్' అందులో వేరే పేరుతో, లెనన్ దంపతుల ఖాతాలో పడింది. 1992లో జాపా అదే రాత్రిని తన లెక్కలో కలిపి వినిపించాడు. రెండూ పక్కపక్కన పెట్టి వింటే, 'లైవ్' అని అట్ట మీద రాసినంత మాత్రాన మనం హాలులో కూర్చున్నట్టు కాదని తెలిసిపోతుంది. ఎవరు కలిపారో వాళ్ల చెవితోనే మనం వింటాం.

1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ క్యాసినోలో జాపా కచేరీ నడుస్తుండగా ప్రేక్షకుల్లోంచి ఎవరో ఫ్లేర్ గన్ పేల్చడంతో భవనం కాలిపోయింది. వారం తిరక్కుండానే లండన్ రెయిన్‌బో థియేటర్‌లో ప్రేక్షకుడొకడు జాపాను వేదిక మీద నుంచి కిందికి తోసేశాడు. జాపా నెలల తరబడి చక్రాల కుర్చీకే పరిమితమయ్యాడు. గొంతు దెబ్బతిని శ్రుతి దిగిపోయింది. శ్రోతను వెక్కిరించి, శ్రోత చేతిలోనే అంత దెబ్బ తిన్న మనిషి మళ్లీ జనాన్ని వేదిక మీదికి పిలుస్తాడా?

పిలిచాడు. 1973 డిసెంబరులో, హాలీవుడ్‌లోని రాక్సీ క్లబ్బులో.

'రాక్సీ అండ్ ఎల్స్‌వేర్' రెండు డిస్కుల ఆల్బముగా 1974 సెప్టెంబరులో వచ్చింది. కీబోర్డుల మీద జార్జ్ డ్యూక్, మరింబా మీద రూత్, పాటకూ శాక్సొఫోనుకూ నెపోలియన్ మర్ఫీ బ్రాక్, డ్రమ్ముల మీద ఒకరు కాదు ఇద్దరు, రాల్ఫ్ హంఫ్రీ, చెస్టర్ థాంప్సన్. జాపా పాట ఎత్తుకునే ముందు తీరిగ్గా కబుర్లు చెబుతాడు. హరిదాసు అసలు కథ ఆపి పిట్టకథ ఎత్తుకున్నట్టుంటుంది. వినేవాడు ఒళ్లు వదులు చేసుకుంటాడు, ఆ మరుక్షణం అసలు కథ మీదపడుతుంది. చవకబారు రాక్షసుల సినిమాలంటే తనకెందుకంత ప్రేమో చెప్పి 'చీప్‌నిస్' మొదలుపెడతాడు. వింటుంటే నవ్వొస్తుంది, నవ్వుతూనే ఆ లయ మలుపుల్లో దారి తప్పుతాం. 'విలేజ్ ఆఫ్ ది సన్' తన హైస్కూలు రోజుల నాటి ఎడారి ప్రాంతం గురించిన పాట. ఇసుకగాలికి కార్ల రంగు చెరిగిపోయే ఊరు, టర్కీ కోళ్లు పెంచుకునే నల్లజాతి కుటుంబాలు. అందులో వెటకారం ఒక్క చుక్క కూడా లేదు. జాపాకు మనసు లేదనేవాళ్లకు నేను ముందు ఈ పాటే వినిపిస్తాను. అది ఆగకుండా 'ఎకిడ్నాస్ ఆర్ఫ్'లోకి జారుతుంది. అక్కడ మరింబా, గాలివాద్యాలు, కీబోర్డు ఒకే ఊపిరితో పరుగెత్తుతాయి.

చివర 'బీబాప్ టాంగో'. జాపా జనంలోంచి కొందరిని వేదిక మీదికి పిలుస్తాడు. డ్యూక్ నోటితో పాడే ఒక్కో స్వరానికీ నాట్యం చేయాలి, కింద నడిచే తాళానికి కాదు. అది ఎవరికి సాధ్యం? వాళ్లు తడబడతారు, హాలంతా నవ్వుతుంది. చాలామంది శ్రోతలు ఈ భాగాన్ని దాటేస్తామంటారు. చూడటానికి బాగుంటుందేమో గాని వినడానికి విసుగు అంటారు. నేను ఒప్పుకోను. ఆ తడబాటు చూసి నవ్విన ప్రతివాడూ, డ్యూక్ గొంతులోని స్వరాలు ఎంత వేగంగా ఎన్ని దిక్కులకు పోతున్నాయో తెలియకుండానే లెక్కపెట్టాడు. సంగీతశాస్త్రం తెలియని జనానికి పది నిమిషాల్లో బీబాప్ అనే జాజ్ శైలిని వినడం నేర్పిన పాఠం అది. నవ్వు లేకపోతే ఆ పాఠానికి ఎవరు కూర్చునేవారు?

ఈ రికార్డు మీద ఇంకో పెద్ద తగవు శుద్ధత గురించి. రాక్సీ పాటల్లో తర్వాత స్టూడియోలో కలిపిన భాగాలున్నాయి. 1988లో జాపా 'యూ కాంట్ డూ దట్ ఆన్ స్టేజ్ ఎనీమోర్' వరసలో రెండో సంపుటిగా 1974 నాటి హెల్సింకీ కచేరీని, పైపూతలేమీ లేకుండా ఇచ్చాడు. దాదాపు అదే బృందం, ఇంకా వేగంగా, మెరుపులా వాయించింది. అప్పటి నుంచి రాక్సీయా, హెల్సింకీయా అన్న ప్రశ్న దగ్గర అభిమానులు రెండు పక్షాలు. హెల్సింకీలోనే ఒక శ్రోత 'విప్పింగ్ పోస్ట్' వాయించమని కేకేశాడు. అది ఆల్‌మన్ బ్రదర్స్ పాట, బృందంలో ఎవరికీ రాదు. జాపా ఆటపట్టించి ఊరుకున్నాడు గాని మరిచిపోలేదు. ఏళ్ల తర్వాత బృందానికి నేర్పించి ఆ పాట వేదిక మీద పాడించాడు, 1984లో ఆల్బములోకీ ఎక్కించాడు. శ్రోతంటే లెక్కలేని మనిషి చేసే పనేనా ఇది?

నా మటుకు రాక్సీనే ముందు. హెల్సింకీ వేగం నన్ను అబ్బురపరుస్తుంది, రాక్సీ నన్ను లోపలికి రానిస్తుంది. 2018లో రాక్సీ కచేరీలు నాలుగూ ఆసాంతం ఏడు డిస్కుల్లో వచ్చాక, పైపూతలు తీసేసినా ఆ బృందం అంత గట్టిదేనని ఎవరైనా విని తేల్చుకోవచ్చు.

మన దేశపు చెవికి దగ్గరి సంగతొకటి. 1978లో న్యూయార్క్ పల్లాడియంలో జాపా హాలోవీన్ కచేరీలకు వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్ కలిశాడు. పదమూడు మాత్రల లెక్కలో నడిచే 'థర్టీన్' ఆ కలయిక ఫలమే. కర్ణాటక సంగీతం విన్నవాళ్లకు ఆ లెక్క బరువనిపించదు, శంకర్ కమాను దాన్ని నడిపించే తీరు వెంటనే పట్టుబడుతుంది.

1985లో రికార్డుల అట్టల మీద హెచ్చరికలు వేయాలన్న ఉద్యమాన్ని సెనేట్ కమిటీ ముందు ఎదిరించిన జాపా, 1988లో పన్నెండు మంది బృందంతో ఆఖరి పెద్ద యాత్రకు బయల్దేరాడు. అమెరికాలో కచేరీ హాళ్ల దగ్గరే ఓటర్ల నమోదు పెట్టించాడు. వెక్కిరించి ఇంటికి పంపడంతో సరిపెట్టుకోలేదని దీన్నిబట్టే తెలుస్తుంది. బృందంలో కలహాలు వచ్చి యాత్ర మధ్యలో ఆగింది, సొంత డబ్బు భారీగా పోయింది. అతను బతికుండగా దాన్నుంచి మూడు కచేరీ ఆల్బములు వచ్చాయి.

ఒక పాటను పట్టుకుని ఇదంతా వినొచ్చు. 1965లో లాస్ ఏంజెలిస్ వాట్స్ ప్రాంతం అల్లర్లతో మండుతుంటే, టీవీ దాన్ని వినోదంగా చూపించడం మీద జాపా ఒక పాట రాశాడు. 1966 నాటి 'ఫ్రీక్ అవుట్!'లో ఉంది. 1974 మేలో, అధ్యక్షుడు నిక్సన్ వాటర్‌గేట్ కుంభకోణంలో కూరుకుపోతున్న రోజుల్లో, నిక్సన్‌ను దెప్పే 'సన్ ఆఫ్ ఆరెంజ్ కౌంటీ'కి తగిలించి అదే పాటను నెమ్మదిగా, బరువుగా వాయించారు. రాక్సీ ఆల్బము పేరులోని 'ఎల్స్‌వేర్' ఈ భాగమే. రికార్డు దుకాణాలకు చేరేసరికి నిక్సన్ గద్దె దిగిపోయాడు. 1988లో టీవీ మతబోధకుడు జిమ్మీ స్వాగర్ట్ కుంభకోణం బయటపడితే అదే పాట మాటలు అతని మీదికి తిప్పారు. హాలు ఒక్కసారిగా అందుకుని గోల చేసింది. ఇవాళ్టి శ్రోతకు స్వాగర్ట్ ఎవరో ఒకరు చెప్పాలి. టీవీ పెట్టి మంటలు చూస్తూ కూర్చున్న మనిషి సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడింటిలో ఏది గొప్పదంటే చాలామంది 1966 నాటిదాన్నే ఎంచుతారు, కోపం అక్కడే పచ్చిగా ఉందని. నేను 1974 వైపు. ఇద్దరు డ్రమ్మర్లు ఆ నడకను అంత బరువుగా లాగుతుంటే, మాటలు ఆగిన చోట జాపా గిటారు అందుకుని తొమ్మిదేళ్లలో ఏమీ మారలేదన్న సంగతిని మాటల్లేకుండా చెబుతుంది. ఈ విషయంలో వాళ్లతో నా వాదన ఇంకా నడుస్తూనే ఉంది.