కోతల కాలమున క్రైస్తవ కోడలు

కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతలు కార్తిక మార్గశిర మాసములలో సాగును. ఆ దినములలో పగటివేళ పల్లెకు పోయి చూచినచో అరుగులమీద ముసలివారును, వారి ఒడిలో పసిపిల్లలును తప్ప ఎక్కువమంది కానరారు. కాలు చేయి ఆడువారందరు పొలములో నుందురు. చేతికందిన పంట వానపాలు కాకుండ కళ్లము చేర్చుటయే ఊరందరికి ఒక్క చింత.

సరిగా ఈ పనుల నడుమనే క్రైస్తవుల పెద్దపండుగ వచ్చును. సంక్రాంతి పంట ఇల్లు చేరిన పిదప వచ్చు పండుగ. అప్పటికి గాదె నిండియుండును. కూలివారికి కూలి ముట్టియుండును. ఒడలికి కొంత విశ్రాంతి దొరకియుండును. క్రిస్మసు అట్లు కాదు. అది డిసెంబరు 25వ తేదీన, కొడవలి ఇంకను చేతిలో నుండగనే వచ్చును. కోతయు పండుగయు ఒకే నెలలో మీదపడిన ఇంట ఆ రెండింటి బరువును ఎక్కువగా మోయునది ఆ ఇంటి చిన్నకోడలు. ఆమె దినచర్యను గూర్చియు, అందు పెద్దలు చేయదగిన సాయమును గూర్చియు నేడు కొంత మనవి చేయదలచితిని.

నేను చెప్పబోవు కోడలు ఏ ఒక్క ఊరిదియు కాదు. బాపట్ల, గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెలలో ఇట్టివారు ఎందరో కలరు. వీరి కుటుంబములు క్రైస్తవమున చేరుట నిన్న మొన్నటి మాటయు కాదు. లూథరను మిషనరీయగు హయ్యరుగారు గుంటూరునకు 1842లో వచ్చిరి. 1876 మొదలు 1878 వరకు నడచిన గొప్ప కరవు తరువాత, 1878 జూలై 3వ తేదీన, ఒంగోలు మిషను ప్రాంతమున ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ కాలమున చేరినవారిలో పెక్కుమంది కాయకష్టముపై బ్రతుకువారు. తరువాతి తరములలో వారి బిడ్డలు ఉపాధ్యాయులైరి, నర్సులైరి, ఉద్యోగులైరి. అయినను కోతల కాలమున కూలికి పోవు ఇండ్లు నేటికిని పల్లెపల్లెను కలవు. అట్టి ఇంటికి రెండేండ్ల క్రిందట కోడలై వచ్చి, ఐదునెలల బిడ్డకు తల్లియైన ఒక యువతిని తలచుకొనుడు.

ఆమె తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచును. వాకిలి చిమ్మి, నీళ్లు పట్టి, పొయ్యి వెలిగించును. ఇంట గ్యాసుబండ యున్నను, అది ఎక్కువ దినములు రావలెనని అన్నము కట్టెలపొయ్యి మీదనే వండును. ఎసటిలో బియ్యము పోయుటకు ముందు అందుండి ఒక పిడికెడు తీసి వేరొక డబ్బాలో వేయును. అది దేవుని పాలు. ఆదివారమున ఆ బియ్యమును గుడికి కొనిపోయి కానుకగా నిచ్చును. అనేక సంఘములలో ఇది పెద్దలనాటి నుండి వచ్చుచున్న ఆచారము. చేతిలో రూకలేని ఇల్లాలు కూడ తనదిగా ఏదేని ఇయ్యగలుగుటకు ఈ పిడికెడు బియ్యము మార్గమైనది.

పిదప బిడ్డకు పాలిచ్చి, అత్తమామలకు టీ కాచి యిచ్చి, భర్తకును తనకును క్యారేజీలు కట్టును. చీరమీద భర్త పాతచొక్కా తొడిగికొని, తలకు గుడ్డ చుట్టుకొని, తెల్లవారునప్పటికి ముఠావారి ఆటో ఎక్కును. వరి ఆకు చేతులను కోయును గనుక ఆ చొక్కా తప్పదు.

కోతయంత్రములు వచ్చినవి గదా, ఇంకను కొడవలి యేల యని మీరడుగవచ్చును. యంత్రములు వచ్చిన మాట నిజమే. కాని డెల్టాలో కోతకు కొన్ని దినములు ముందుగనే, నిలిచియున్న వరిలో మినుములు, పెసలు చల్లుట వాడుక. నేలలోని తడితోనే అవి మొలచి రెండవ పంటయగును. అట్టి చేలలోనికి బరువైన యంత్రము దిగినచో చక్రముల క్రింద విత్తు నలిగి, నేల గట్టిపడి, మొలక చెడును. అందుచేత అచ్చట చేతికోత నేటికిని తప్పలేదు. రైతునకు మినుము దక్కుట, వంగి కోయు ఈ స్త్రీల నడుముల మీద ఆధారపడి యున్నది.

ఇక బిడ్డ మాట. ఆరునెలలు నిండువరకు శిశువునకు తల్లిపాలు తప్ప మంచినీరును అక్కరలేదని వైద్యులు చెప్పుచున్నారు. ఈ తల్లి ఉదయమున పోయి సాయంకాలమున వచ్చును. పది గంటల వేళకు ఇంటికడ బిడ్డ ఆకలికి ఏడ్చును. చేలో తల్లికి పాలు చేపి రవిక తడియును. ఇద్దరి నడుమ ఉన్నది రెండు మైళ్ల దూరము. నాయనమ్మ ఏమిచేయగలదు? టీలో బిస్కత్తు నానబెట్టి నోటికందించును. బిడ్డ ఊరకుండును గాని దానికి కావలసినది అందలేదు. కొన్ని దినములలో విరేచనములు పట్టును. అప్పుడు ఆసుపత్రి ఖర్చు వచ్చి, తల్లి కోసిన కోతకూలి అందులకే పోవును.

సాయంకాలము ఇల్లు చేరినంతనే ఆమె మొదట బిడ్డను ఎత్తికొనును. తరువాత అంట్లు, బట్టలు, రాత్రివంట. పండుగనెల గనుక పని అంతటితో తీరదు. ఇంటికి సున్నము వేయవలెను. బియ్యము నానబోసి, పిండి పట్టించి, అరిసెలు, చెక్కలు వండవలెను. బిడ్డకు మొదటి క్రిస్మసు గనుక కొత్తచొక్కా కుట్టింపవలెను. రాత్రులందు గుడి యువకులు పాటలు పాడుచు ఇంటింటికి వచ్చెదరు. వారు వచ్చువరకు మేలుకొనియుండి, వచ్చినవారికి టీ అయినను ఇయ్యవలెను. పదకొండు గంటలకు పండుకొన్న మనిషి మరల నాలుగు గంటలకు లేవవలెను.

అందరు తినిన పిదప ఆమె తినును. కూర మిగిలిన కూరతో, లేనిచో పచ్చడితో. ఇది క్రైస్తవుల ఇంటనే కాదు, మన ఇండ్లన్నిట కలదు. 2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. పాలిచ్చు తల్లి ఎండలో కోత కోసి, మిగిలినది తినుచుండగా రక్తమెట్లు పట్టును?

ఆదివారమున గుడికి పోవుదుననుకొనును. అంతలో మేస్త్రి వచ్చి, “అమ్మాయీ, మబ్బు పట్టినది, పనలు నేడే కట్టి కుప్ప వేయవలెను” అనును. ఆయన చెప్పునదియు అబద్ధము కాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనను పెద్దలు మరువలేదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగు తుపాను బాపట్ల యొద్ద తీరము దాటినప్పుడు కోసిన పనలు చేలలోనే నీట నానినవి. ఇట్టి భయము గల నెలలో రైతు తొందరపడుట తప్పు కాదు. అయినను ఆ కోడలు బియ్యపు డబ్బాను అత్తగారి చేతికిచ్చి, గుడిగంట వినుచు ఆటో ఎక్కునప్పుడు, ఆమె మనసెట్లుండునో ఎవ్వరును అడుగరు.

పెద్దలారా, ఆమె దుఃఖమును చెప్పి మిమ్ము దుఃఖపెట్టుట నా ఉద్దేశము కాదు. గాలివానను మనము ఆపలేము. పండుగను జనవరికి జరుపలేము. కాని పెద్దల మాటతో జరుగదగినవి కొన్ని కలవు.

మొదటిది భూమిగల పెద్దలకు. కోత సామాన్యముగా ఎకరమునకింత అని గుత్తకు ఒప్పుకొందురు. పని తీరిన పిదప లెక్క చూచుకొనుట వాడుక. ఆ లెక్క పండుగ దాటిన తరువాత తేలినచో, ఆ ఇల్లు వడ్డీకి అప్పు తెచ్చి పండుగ చేసికొనును. కావున డిసెంబరు 20వ తేదీలోగా ఆనాటివరకు చేసిన పనికి కూలి ముట్టజెప్పుడు. దినకూలి యిచ్చుచోట స్త్రీకి తక్కువ, పురుషునకు ఎక్కువ అను భేదము వలదు. ఒకే పనికి ఒకే వేతనమని 1976లో చట్టమైనది. 2019లో చేసిన వేతన స్మృతియు ఆ నియమమునే నిలిపినది. ఆమె కూలిని ఆమె చేతికే యిండు.

రెండవది పాలిచ్చు తల్లులను గూర్చినది. ముఠాలో అట్టివారు ఒకరో ఇద్దరో యుందురు. ఇంటికి దగ్గరి చేలపని వారికి పెట్టుడు. లేదా ముసలమ్మ యొకతె బిడ్డలను పొలముకడకు తెచ్చి, గట్టుమీద చెట్టునీడను ఊయల కట్టుటకు ఏర్పాటు చేయుడు. ఉదయము ఒకమారు, మధ్యాహ్నము ఒకమారు తల్లి పాలిచ్చి వచ్చుటకు పట్టు కాలము ఎంత? ఆ కాలమునకు కూలి కోయవలదని మేస్త్రితో ఒక్కమాట చెప్పిన చాలును. ఊరిలో అంగన్‌వాడీ యున్నచో, కోతల నెలలో పాలిచ్చు తల్లులు ఎవరెవరు పొలము పోవుచున్నారో అచ్చటి కార్యకర్తకు తెలియజేయుడు.

మూడవది ఇంటి పెద్దలకు. “నా కాలమున నేనును ఇట్లే చేసితినమ్మా” అని అత్తగారు అనుట కలదు. నిజమే, ఆమె చేసినది. అయితే ఆమె నడుమునొప్పియు నాటిదే కదా! తాను పడిన కష్టమును కోడలికి అప్పజెప్పుట వారసత్వము కాదు. భర్త కూడ అదే చేలో కోసి, అదే ఆటోలో వచ్చుచున్నాడు. నీళ్లు పట్టుట, సున్నము వేయుట, బిడ్డను ఎత్తికొనుట అతని చేతికి తగని పనులు కావు. రాత్రి భోజనమునకు కోడలిని కూడ అందరితో కూర్చుండుమని మామగారు ఒక్కమాట చెప్పినచో, ఆ ఇంట ఎవ్వరును ఎదురాడరు.

నాలుగవది సంఘపు పెద్దలకు. కోతల నెలలో సాయంకాలపు ఆరాధన యొకటి పెట్టినచో, ఉదయము పనికి పోయిన స్త్రీలు దానికి రాగలుగుదురు. పాటలకు వచ్చు యువకులు పసిబిడ్డలు గల ఇండ్లకు తొలిజామున పోవుదురుగాక. కోతలు ముగిసిన పిదప గుడిలో కోతపండుగ జరుగును. ధాన్యము, కూరగాయలు, కోళ్లు తెచ్చి అర్పింతురు; వానిని వేలము వేసి సొమ్ము సంఘమునకు చేర్తురు. ఆనాడు ధాన్యపు బస్తా యెవరిదని పిలుచునప్పుడు ఇంటి యజమాని పేరొక్కటి పిలుచుట వాడుక. ఆ బస్తాలోని గింజలను కోసిన చేతులు నాలుగు. రెండు పేర్లును పిలువుడు.

ఈ నాలుగింటిలో దేనికిని పెట్టుబడి లేదు. ప్రభుత్వమువారి ఉత్తరువునకు ఎదురుచూడ నక్కరలేదు. క్రైస్తవులైనను హిందువులైనను మహమ్మదీయులైనను, ఊరిలో నలుగురు వినునట్టి మాట గల పెద్దలు తలచినచో ఈ ఏడే జరుగగలవు.

ఆమె ప్రతిదినము తన ఇంటి అన్నములోనుండి ఒక పిడికెడు తీసి దేవునికొరకు వేరుగా నుంచుచున్నది. తనకు మిగులునో లేదో చూచుకొని తీయదు, ముందుగనే తీయును. మనమును మన దినములోనుండి ఆమెకొరకు అంత మాత్రము ముందుగా తీసియుంచుట న్యాయము. ఈ కోతలలో మీ ఊరి ముఠా పొలమునకు పోవునప్పుడు, అందు పాలిచ్చు తల్లి ఎవరైన నున్నదేమో ఒక్కమారు అడిగి తెలిసికొనుడు.