బాట హక్కు, బాటపై నిద్రించేవాని హక్కు

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!



వంతెన కింద, కాలిబాటల మీద నివసిస్తున్నవారిని ఖాళీ చేయించాలని కోరుతూ మన మొహల్లా వాసులు కొందరు పురపాలక అధికారులకు ఒక అర్జీ సిద్ధం చేశారు. నేటి నమాజు అనంతరం దానిపై సంతకాలు సేకరించనున్నారు. కలం పట్టుకునే ముందు ఈ విషయంలో ధర్మం ఏమంటున్నదో ఆలోచించుకోవడం మన బాధ్యత.

ముందుగా ఫిర్యాదు చేస్తున్నవారి బాధను గుర్తిద్దాం. బడిపిల్లలు కాలిబాట విడిచి వాహనాల మధ్య నడవవలసి వస్తున్నది. దుర్గంధం, రాత్రివేళ కేకలు, తగాదాలు అన్నీ నిజమే. దారిలోని హానికరమైన వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని దైవప్రవక్త (స) బోధించారు. దారిలో కూర్చోక తప్పనివారు దారి హక్కును నెరవేర్చాలని కూడా ఆదేశించారు. కనుక బాటకు హక్కు ఉన్నది. అయితే ఆయన తొలగించమన్నది ముల్లు, రాయి వంటి వాటిని. మనిషిని ఆ కోవలో చేర్చే అధికారం మనకు ఎవరిచ్చారు?

దివ్యఖుర్ఆన్‌లో ‘అల్ బలద్’ అనే సూరహ్ ఉన్నది. ‘బలద్’ అంటే నగరం. దాటవలసిన కఠినమైన కనుమ ఒకటి ఉన్నదని అందులో అల్లాహ్ తెలియజేశాడు. మట్టిలో పడి ఉన్న నిరుపేదకు ఆకలి దినాన అన్నం పెట్టడం ఆ కనుమను దాటించే పనులలో ఒకటి. ఆ నిరుపేద ఇల్లూ వాకిలీ లేక దారిన పడి ఉన్నవాడని వ్యాఖ్యాతలు వివరించారు. నగరం పేరు గల సూరహ్‌లోనే అతని ప్రస్తావన రావడం నగరవాసులమైన మనం గమనించదగినది.

మదీనాకు వలస వచ్చిన నిరాశ్రయులకు మస్జిదె నబవీలోనే ఒక పక్కన కప్పు వేసి నీడ కల్పించారు. అదే ‘సుఫ్ఫా’. సహచరులు అక్కడివారిని తమ ఇళ్ళకు తీసుకువెళ్ళి భోజనం పెట్టేవారు. చిరునామా లేనివారికి మసీదే చిరునామా అయింది. 5,000కు పైగా హదీసులను ఉమ్మత్‌కు అందించిన హజ్రత్ అబూ హురైరా (రజి) ఆ సుఫ్ఫా వాసులలో ఒకరు.

ఇక మన హైదరాబాద్ సంగతి. సొంత ఇల్లు లేని పేదలకోసం 2015లో రెండు పడకగదుల ఇళ్ళ పథకం మొదలైంది. కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్ళు నిర్మించి 2023 జూన్‌లో ప్రారంభించారు. మంచి పనే. కాని ఇంటికి దరఖాస్తు చేయాలంటే రేషన్ కార్డు కావాలి. కార్డు రావాలంటే చిరునామా కావాలి. చిరునామా ఉండాలంటే ఇల్లు కావాలి! తెల్లవారుజామున కూలీల అడ్డాపై నిలబడవలసినవానికి నగరం అంచున ఉన్న ఇల్లు ఏ మేరకు అక్కరకు వస్తుంది? రోగిని ఉస్మానియా ఆసుపత్రిలో చేర్పించి గేటు బయట పడుకునే పల్లెవాసికి ఆ ఇల్లు దేనికి? వారికి కావలసినది చేరువలో ఒక రాత్రి ఆశ్రయం.

అది ఎవరో వేసే భిక్ష కాదు. పట్టణాలలో ప్రతి లక్ష జనాభాకు కనీసం 100 మందికి శాశ్వత ఆశ్రయం ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నియమం పెట్టింది. ఏడాది పొడవునా, 24 గంటలూ పనిచేసే ఆశ్రయాలు ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే రాష్ట్రాలకు చెప్పింది. 2011 జనగణన ప్రకారమే మన మహానగర జనాభా 67 లక్షలు. ఆ లెక్కన కనీసం 6,700 మందికి చోటు ఉండాలి. ఉన్నవి అందుకు చాలా దూరంలో ఉన్నాయి.

ఆశ్రయం చూపకుండా వెళ్ళగొడితే ఏమవుతుంది? దుప్పట్లు, వంటగిన్నెలు, వాటితో పాటు ఆధార్ కార్డు కూడా చెత్త లారీలోకి చేరతాయి. ఆ కుటుంబం పక్క వీధికి చేరుతుంది. అక్కడివారు మరో అర్జీ రాస్తారు. సమస్య తీరదు, చోటు మారుతుంది.

మరొక మాట. రమజాన్‌లో మనం వాహనాలలో వచ్చి అన్నం పొట్లాలు పంచి వెళతాము. మిగిలిన విస్తళ్ళు, కవర్లు అక్కడే పడి ఉంటాయి. మరునాడు ఆ చెత్తకు నింద వారిపై పడుతుంది. దానం చేసిన చేతులే ఆ చెత్తనూ ఎత్తాలి.

కాబట్టి నా విన్నపం ఇది. అర్జీని మానుకోవద్దు, దానిని పూర్తి చేయండి. ‘ఖాళీ చేయించండి’ అన్న వాక్యానికి ముందు ‘మా వార్డులో స్త్రీలకు, పురుషులకు వేర్వేరుగా ఆశ్రయాలు తెరవండి, వారిని అక్కడికి చేర్చిన తరువాతనే’ అన్న మాటలు చేర్చండి. అప్పుడు మొదటి సంతకం నేను చేస్తాను. అంతవరకు మన మసీదు కుళాయిలు, మరుగుదొడ్లు ఇషా నమాజు తరువాత కూడా వారికోసం తెరిచి ఉంచాలని కమిటీ పెద్దలను కోరుతున్నాను. దుర్గంధం గురించిన ఫిర్యాదులో సగం అక్కడే తీరుతుంది.

ఓ అల్లాహ్! మాకు నీడనిచ్చినవాడవు నీవే. నీడ లేనివారి విషయంలో మా హృదయాలను మెత్తబరచు. మా వీధులను శుభ్రంగా, మా సంతకాలను న్యాయంగా ఉంచు. ఆమీన్.