ఇంగ్లండులో వీధి డాక్టరుకూ తనిఖీ ఉంటుంది
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. బి.పి., షుగరు సంగతులు డాక్టర్లు చెప్పాలి. నేను వైద్య ఆరోగ్య శాఖలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది మందుల గది, స్టాకు రిజిస్టరు, తనిఖీలు. ఇంగ్లండులో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉన్నప్పుడు అక్కడి తనిఖీ గురించి ఆసక్తి కొద్దీ తెలుసుకున్నాను. అది చెబుతాను.

అక్కడ సర్జరీ అంటే ఆపరేషను కాదు, ఫ్యామిలీ డాక్టరు కూర్చునే చోటు. "రేపు సర్జరీకి వెళ్ళాలి" అని అల్లుడు అనగానే మా ఆవిడ దేవుడికి ముడుపు కట్టినంత పని చేసింది. ఆ డాక్టరును జి.పి. అంటారు. కుటుంబాలు ఏదో ఒక సర్జరీలో పేరు నమోదు చేసుకుంటాయి. పెద్దాసుపత్రిలో స్పెషలిస్టును చూడాలన్నా మామూలుగా ఆయన చీటీ ఉండాలి. అంటే ఆయన దగ్గర పొరపాటు జరిగితే రోగికి వేరే దారి త్వరగా దొరకదు.

ఆ సర్జరీలను తనిఖీ చేసేది కేర్ క్వాలిటీ కమిషన్. 2009లో పని మొదలుపెట్టింది. 2013 ఏప్రిల్ నుంచి సర్జరీలు కూడా దాని దగ్గర రిజిస్టరు కావాలి. వైద్యం భద్రంగా ఉందా, గుణమిస్తోందా, రోగిని ఆదరంగా చూస్తున్నారా, అవసరానికి అందుతున్నారా, నిర్వహణ బాగుందా అని ఐదు ప్రశ్నలు వేసుకుని, అత్యుత్తమం, మంచిది, మెరుగుపడాలి, చాలదు అనే నాలుగు మెట్లలో ఒకటి ఇస్తారు. 2015 ఏప్రిల్ నుంచి ఆ రేటింగును రోగులకు కనబడేలా గోడకు పెట్టడం చట్టప్రకారం తప్పనిసరి. మరీ అధ్వాన్నంగా ఉంటే రిజిస్ట్రేషను సస్పెండు చేయించే, రద్దు చేయించే దారులు కూడా ఉన్నాయి.

మన సర్వీసులో తనిఖీ అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా! ముందురోజు గోడలకు సున్నం, గేటు నుంచి మెట్ల దాకా బ్లీచింగు పౌడరు, రిజిస్టర్లకు కొత్త అట్టలు, పెద్దసారుకు మధ్యాహ్నం భోజనం. అక్కడా ముందుగా కబురు చేసే వస్తారు కానీ, ఇన్‌స్పెక్టరుతో పాటు వైద్యం తెలిసిన జి.పి. ఒకరు ఉంటారు. సున్నానికి లొంగని చోట్లు ఆయనకు తెలుసు.

టీకాల ఫ్రిజ్ సంగతి చూడండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన పి.హెచ్.సి.లో ఐ.ఎల్.ఆర్.కు కూడా ఇదే లెక్క. ఉదయం, సాయంత్రం రాసేవాళ్ళం. ఒకసారి గడ్డకట్టిన డి.పి.టి. టీకా కరిగాక పైకి బాగానే కనిపించవచ్చు, పని మాత్రం చేయదు. అంకెలు వరసగా రాసి ఉన్నాయా అన్నదొక్కటే చాలదు. 8 దాటిన రోజున ఎవరు గమనించారు, ఆ టీకాలను ఏం చేశారు, ఎవరికి చెప్పారు అన్నది అసలు పరీక్ష. ఆక్సిజన్, అత్యవసర మందులు ఉన్నాయా, గడువు తేదీలు ఎవరు చూస్తున్నారు, ప్రిస్క్రిప్షన్ కాగితాలు తాళంలో ఉన్నాయా అని కూడా చూస్తారు.

నాకు అన్నిటికంటే నచ్చింది రికార్డుల వెతుకులాట. ఎదుట కూర్చున్న రోగిని ఏ డాక్టరైనా బాగానే చూస్తాడు. రాని రోగి సంగతేమిటి? కంప్యూటరు రికార్డుల్లో వెతికి, ఫలానా మందు వాడుతూ చేయించుకోవలసిన రక్తపరీక్ష చేయించుకోనివారు ఎందరున్నారో తీస్తారు. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ ఉంది. అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. రక్తకణాలనూ లివరునూ గమనిస్తూ ఉండాలి. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి బి.పి. మాత్రలు వాడేవారికి ఏడాదికి ఒకసారైనా కిడ్నీ, పొటాషియం పరీక్ష కావాలి. ఈ హాల్లో టెల్మిసార్టాన్ వేసుకునేవాళ్ళు చేతులెత్తితే ఫ్యాన్లు తగులుతాయేమో! షుగరు ఉన్నట్టు రిపోర్టులో తేలినా రికార్డులో రోగం పేరు ఎక్కనివారిని కూడా అలాగే వెతుకుతారు.

మంచి డాక్టరైతే ఇదంతా ఎందుకు అని మా వియ్యంకుడు గారు అడిగారు. మాంచెస్టరు దగ్గర హైడ్ అనే ఊళ్ళో హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరు ఉండేవాడు. ఎందరో రోగులు ఆయన్ను ఎంతో నమ్మారు. 15 మందిని చంపాడని 2000 జనవరిలో కోర్టు తేల్చింది. ఆయన చేతిలో పోయినవారు 215 మందని 2002లో విచారణ సంఘం నిర్ధారించింది. ఎక్కువమంది వృద్ధ స్త్రీలే. అలాంటివాడు కోటికొక్కడు, నిజమే. కానీ రోగుల నమ్మకం ఒక్కటే రుజువు కాదని ఆ దేశం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది.

అక్కడంతా స్వర్గమని చెప్పడం లేదు. 2024లో పెన్నీ డాష్ అనే వైద్యురాలి సమీక్ష ఆ కమిషన్‌నే కడిగిపారేసింది. అది తనిఖీ చేయవలసిన చోట్లలో ఐదింట ఒకదానికి ఎన్నడూ రేటింగే రాలేదట. కొన్నిటిని ఏళ్ళ తరబడి మళ్ళీ చూడలేదట. కనుక మీ పిల్లలు అక్కడ ఉంటే, గోడ మీది కాగితంలో రేటింగు చూసి ఊరుకోకుండా తేదీ కూడా చూడమనండి. ఐదేళ్ళ నాటి "మంచిది" ఈనాటి సంగతి చెప్పదు.

మన దేశంలో ప్రభుత్వ పి.హెచ్.సి.లకు కూడా జాతీయ నాణ్యతా ప్రమాణాలు ఉన్నాయి, మార్కులు వేసి సర్టిఫికెట్టు ఇస్తారు. మంచి పనే. అయితే మన పింఛనుదారులు ఒక డాక్టరు దగ్గర బి.పి.కి, ఇంకొకరి దగ్గర కీళ్ళకు, మందులషాపులో దగ్గుకు మందు తెచ్చుకుంటాం. ఈ మూడూ కలిపి చూసే రికార్డు చాలామందికి ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ సంచీ ఒక్కటే. దాన్ని తనిఖీ చేయడానికి ఎవరూ రారు.

అందుకే కార్యదర్శి గారిని అడిగి వరండాలో ఒక బల్ల వేయించాను. చీటీలు తెచ్చినవారు భోజనాలయ్యాక చూపించండి. డాక్టరు రాసినదాన్ని నేను మార్చను. ఏ మాత్రకు ఏ పరీక్ష, ఎప్పుడు చేయించాలో ఆయన్ని ఏమని అడగాలో కాగితం మీద రాసిస్తాను. మెథోట్రెక్సేట్ వాడేవారు మాత్రం ముందు రండి. మీరు వేసుకునే వారం పేరు అట్ట మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసిపెడతాను.