కొండదారిలో కారు కుదురు

విశాఖపట్నము నుండి శృంగవరపుకోట మీదుగా అరకులోయకు పోవు ఘాటురోడ్డు మన శ్రోతలలో పెక్కుమందికి పరిచితమే. మైదానమున కుదురుగా నడచిన కారు అనంతగిరి మలుపులలో ఒకవైపునకు ఒరగును. ఒక చక్రము గుంటలోను, వేరొకటి మిట్టమీదను పడినపుడు తలుపులు కిర్రుమనును. ఇట్టి కార్లను బిగువు చేయుటకై ఉక్కు కడ్డీలు, అల్యూమినియము కడ్డీలు బజారున దొరకుచున్నవి. వాని వలన మనకు కలుగు మేలెంత?

పూర్వపు మోటార్లకు క్రింద నిచ్చెన వంటి చట్రము, దానిపై వేరుగా పైకట్టు ఉండెడివి. లారీలకు నేటికిని అంతే. 1922లో ఇటలీ దేశపు లాన్సియా వారు లాంబ్డా అను కారులో ఈ రెంటిని ఏకము చేసిరి. నేటి చిన్నకార్లు చాలవరకు ఈ తీరువే. వీనిలో పైకట్టే బరువును మోయును.

ఒట్టి అగ్గిపెట్టె గూటిని వ్రేళ్లతో నొక్కిన పక్కకు ఒరగును. పుల్లల అర లోపలనున్నచో ఒరగదు. ఇంజను ఉండు చోటు ఆ ఒట్టిగూడు వంటిది. దాని ఇరుప్రక్కల ముందు షాకబ్సార్బర్ల పైకొసలు బిగింపబడి యుండును. మలుపులో వెలుపలి చక్రముపై భారము హెచ్చినపుడు ఆ కొసలు వెండ్రుకవాసి కదలును. చక్రపు వాలును ఆ మేర మారును. రెండు కొసలను కలుపు కడ్డీ ఈ కదలికను తగ్గించును. స్టీరింగు త్రిప్పిన చేతికి కారు వెంటనే లోబడినట్లు తోచును.

అయితే బండి ఒరుగుటను ఆపునది ఈ కడ్డీ కాదు; అది స్ప్రింగుల పని. రోడ్డును పట్టుకొనునది అరచేయంత టైరు భాగమే. కావున అరిగిన టైర్లు, నలిగిన రబ్బరు బుష్షులు, నూనె కారు షాకబ్సార్బర్లు మొదట మార్పించి, చక్రముల అలైన్‌మెంటు సరిచూపింపవలెను. తుప్పు పట్టిన రేకునకు ఎంత గట్టి కడ్డీ బిగించినను వ్యర్థమే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను బండిలో చేయు మార్పులకు హద్దులు విధించినది; కావున ముందుగా రవాణా కార్యాలయమున విచారించుట మేలు.

మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరొకటి కలదు. బిగువైన కారు డ్రైవరునకు ధైర్యమిచ్చును, బ్రేకులకు బలమీయదు. దిగుడులో ఎడతెగక బ్రేకు నొక్కిన అవి కాగి పట్టుతప్పును. తక్కువ గేరులో నెమ్మదిగా దిగవలెను. ఏ మలుపు వెనుకనైనను సంతకు బరువు మోయుచు నడచు గిరిజన స్త్రీలుందురు, పశువులుండును. వారికి రక్షణ మన నిదానమే.